ఫోటోలో పడని సగం



మృగశిర దాటి ఆరుద్ర వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. మూడు రోజులుగా నా ఫోనుకి ఒకే రకం ఫోటోలు వస్తున్నాయి. గట్టు మీద తెల్ల గొడుగు, పక్కన ఎవరిదో చెప్పు, కింద ఒకటే ప్రశ్న: "ఇది తినొచ్చా అండీ?"

ఈసారి ఎవరికీ జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగే. గేదెలకి కుడితి పెట్టేసి తీరిగ్గా కూర్చుని చదవండి.

మూడేళ్ళ కిందట పక్క ఊరి కుర్రాడు ఒకడు ఇలాగే ఫోటో పంపాడు. నేను చేలో నీళ్ళు కడుతున్నాను. తడి చేత్తోనే ఫోను తీసి చూశాను. తెల్లగా, గుండ్రంగా, పళ్ళెమంత ఉంది. "పుట్టగొడుగేరా, కూరొండుకోండి" అని వాయిస్ మెసేజి పెట్టేసి మళ్ళీ పార పట్టుకున్నాను. ఆ రాత్రి వాళ్ళింట్లో నలుగురికీ వాంతులు, విరేచనాలు. ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. రెండు రోజులు సెలైన్లు ఎక్కితేగానీ మనుషులు కాలేదు. నేను వెళితే వాళ్ళమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు బాబూ, ఫోటోలో అలాగే ఉంది కదా" అంది. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మర్నాడు వాళ్ళ దొడ్లోకి వెళ్ళి చూశాను. పెంటపోగు పక్కన గడ్డిలో ఇంకో నాలుగున్నాయి. పైనుంచి చూస్తే తెల్లగానే ఉన్నాయి. ఒకటి పీకి తిరగేశాను. అడుగున పుస్తకం పేజీల్లా పొరలుంటాయే, వాటినే మొప్పలంటారు, అవి మురికి పచ్చగా తిరిగి ఉన్నాయి. కుర్రాడు ఫోటో తీసింది పైనుంచి. నేను చూసింది పైనే. విషం ఉన్నదేమో అడుగున తెలుస్తుంది.

అప్పటినుంచీ ఈ పుట్టగొడుగుల చరిత్ర దొరికినంత చదువుతూ వచ్చాను. చదివితే ఒక్క సంగతి అర్థమైంది. దీని చరిత్రంతా మనుషులు పైనుంచి కిందికి చూడడం నేర్చుకున్న చరిత్రే.

ముందు పేరు చూడండి. పుట్ట, గొడుగు. సగం పేరు పైన కనపడేది, సగం పేరు కింద ఉన్నది. మన పెద్దలు ఊరికే పెట్టలేదు. కుక్కగొడుగు అని వేరే మాట కూడా ఉంచారు, నోట పెట్టకూడని వాటికి. పుట్ట మీద మొలిచేదాన్ని, కండ్ల ముందు ఎక్కడపడితే అక్కడ మొలిచేదాన్ని వాళ్ళు ఒక గాటన కట్టలేదు.

పుట్టలో ఏం జరుగుతోందో మీకు తెలిస్తే మన వ్యవసాయం నిన్నగాక మొన్నటిది అనిపిస్తుంది. చెదపురుగులు ఎండుటాకు, పుల్ల, పేడ కొరికి లోపలికి మోస్తాయి. అది వాటి కడుపులోంచి వెళ్ళాక, దాంతో తేనెపట్టు లాంటి మెత్తటి గూడు కడతాయి. దాని మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. చెద తినే తిండి అదే. అంటే ఎరువు వేసి, తేమ చూసి, కలుపు తీసి పంట పండిస్తున్నాయన్నమాట. మనిషి సేద్యం మొదలెట్టి పదివేల ఏళ్ళ పైచిలుకు. చెదలు మొదలెట్టి సుమారు మూడు కోట్ల ఏళ్ళని లెక్క. తొలకరి పడగానే ఆ పంట నేలను చీల్చుకుని పైకొచ్చి విచ్చుకుంటుంది. మనం కోసుకునేది ఆ కొసనే.

ఇది మొదట రాసిపెట్టిన వాళ్ళలో ఒకాయనకి మన కాకినాడతో సంబంధముంది. ఈ సంగతి చదివినప్పుడు నేను నిజంగా లేచి కూర్చున్నాను.

ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. బాల్టిక్ సముద్రం వైపు మనిషి, వైద్యుడు. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి, అక్కడి డెన్మార్క్ వాళ్ళ మిషన్‌కి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువు, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువు. మీ పెరట్లో కరివేపాకు చెట్టుందా? దాని శాస్త్రీయ నామంలో ఉన్న 'కోనిగీ' ఈయన పేరే. గురువు లినేయస్ పెట్టాడు.

ఈ కోనిగ్ తంజావూరు వైపు పుట్టలు తవ్వించి చూసి, 1779లో చెదపురుగుల మీద జర్మన్ భాషలో పెద్ద వ్యాసం రాశాడు. గూళ్ళ మీద ఉండే చిన్న చిన్న తెల్ల పూసల్లాంటి బుడిపెల్ని గమనించాడు. అవే ఆ శిలీంధ్రపు కాయకట్టు. జనం ఉసిళ్ళను ఎలా పడతారో కూడా రాశాడు. పుట్టకి రెండు వైపులా కన్నాలు చేసి, గాలి వచ్చే వైపు పొగ పెట్టి, రెండో వైపు వాసన ఆకు రాసిన కుండ పెడతారట. మన వైపు పెద్దవాళ్ళకి ఈ మాట వింటే నవ్వొస్తుంది. ఉసిళ్ళు పట్టడం, వేయించుకు తినడం ఆయన చెప్పాలా మనకి! కానీ గమనించండి. ఆయనకి ఈ విషయాలు పుస్తకంలో దొరకలేదు. పుట్ట పక్కన బతికేవాళ్ళని చూసి నేర్చుకున్నాడు. రెండేళ్ళకి, 1781లో, స్మీత్‌మన్ అనే ఇంగ్లీషాయన ఆఫ్రికా పుట్టల గురించి రాస్తే అక్కడా అదే గూడు, అదే బూజు.

కోనిగ్ చివరి ప్రయాణం కోరమాండల్ తీరం వెంబడే. దారిలో జిగట విరేచనాలు పట్టుకున్నాయి. అప్పట్లో సామర్లకోటలో ఉన్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బరో వచ్చి చూశాడు. లాభం లేకపోయింది. 1785 జూన్‌లో మన కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం పోయింది. జూన్ నెల. బయట పుట్టల మీద గొడుగులు లేచే రోజులే. ఈసారి ఆ వంతెన మీదుగా వెళ్ళేటప్పుడు గుర్తు చేసుకోండి.

రాక్స్‌బరో సామర్లకోటలో తోట వేశాడు, మన దేశపు చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలోంచి 300 బొమ్మలు 1795 నుంచి 1819 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. కెమెరా లేని రోజుల్లో మొక్క ఇలా ఉంటుందని దూరదేశం వాడికి చూపించాలంటే అదొక్కటే దారి. ఆ బొమ్మలు చూస్తే ఒక పద్ధతి కనపడుతుంది. కొమ్మ మొత్తం వేసి, పక్కనే పువ్వు విప్పి, కాయ కోసి, లోపలి ముక్క విడిగా గీస్తారు. అందంగా ఉన్న వైపు మాత్రమే గీసి వదిలెయ్యరు. ఈ పద్ధతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మొక్కని ఎండబెట్టి కాగితానికి అతికిస్తే వందేళ్ళైనా గుర్తు పట్టొచ్చు. పుట్టగొడుగుతో ఆ పని కుదరదు. పొద్దున్న విచ్చుకుంటే సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాటికి నీరు కారిపోతుంది. ఎండబెడితే రంగు పోతుంది, ఆకారం పోతుంది. 1847లో సింహళం నుంచి వచ్చిన నమూనాలు చూసి బర్క్‌లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పొడుగు వేరున్న పుట్టగొడుగుకి పేరు పెట్టాడు. పుట్టలోని గూటికీ పైన మొలిచే గొడుగుకీ ఉన్న బంధాన్ని 1906లో అదే సింహళంలో పెచ్ అనే ఆయన వివరంగా రాశాడు. 1942లో రోజే ఆయిమ్ అనే ఫ్రెంచాయన ఈ జాతి మొత్తానికి 'టెర్మిటోమైసిస్' అని పేరు ఖాయం చేశాడు. అర్థం ఏంటో తెలుసా? చెదల శిలీంధ్రం. మనం పుట్టగొడుగు అని ఎప్పుడో అనేసిన మాటే.

ఇక బొమ్మల సంగతి. స్కాట్లాండ్‌లో చార్లెస్ మెకింటాష్ అని ఒక పోస్టుమేన్ ఉండేవాడు. ఉత్తరాలు పంచుతూ రోజూ మైళ్ళకొద్దీ నడిచేవాడు, ఆ దారిలో మొలిచే పుట్టగొడుగులన్నీ ఆయనకి కొట్టిన పిండి. లండన్ అమ్మాయి బియాట్రిక్స్ పాటర్‌కి పుట్టగొడుగుల బొమ్మలు వేయడం పిచ్చి. 1892 నుంచి వీళ్ళిద్దరికీ స్నేహం. ఆయన నమూనాలు పోస్టులో పంపేవాడు, ఈవిడ బొమ్మ వేసి తిరిగి పంపేది. గొడుగు పైభాగం ఒక్కటే వేస్తే సరిపోదు, మొప్పలు కనపడాలి, నిలువునా కోసిన ముక్క కనపడాలి అన్నది ఆవిడ బొమ్మల్లో స్థిరపడింది. సిద్ధబీజాలు ఎలా మొలకెత్తుతాయో కూడా చూసి వ్యాసం రాసింది. 1897 ఏప్రిల్ 1న లండన్‌లోని లినేయన్ సొసైటీలో దాన్ని చదివారు. చదివింది ఆవిడ కాదు. ఆడవాళ్ళకి అప్పట్లో ఆ సభలో చోటు లేదు. తర్వాత ఆవిడ పిల్లల కథలు రాసి లోకమంతా పేరు తెచ్చుకుంది. ఆవిడ పుట్టగొడుగుల బొమ్మలు మాత్రం 1967లో ఒక గుర్తింపు పుస్తకంలోకి ఎక్కాయి. అంటే అంతకాలం తర్వాత కూడా పనికొచ్చాయి. అందంగా ఉన్నందుకు కాదు, అడుగు కూడా చూపించినందుకు.

1839లో కెమెరా లోకానికి వచ్చింది. పుట్టగొడుగుల్ని కెమెరాతో శ్రద్ధగా పట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జార్జ్ అట్కిన్సన్‌ని. 1900లో ఆయన వేసిన పుస్తకంలో తానే తీసిన ఫోటోలు 200 పైచిలుకు. ఆ ఫోటోల్లో లేత మొగ్గ, విచ్చుకున్నది, వెల్లకిలా తిప్పినది, మొదలు దాకా తవ్వి తీసినది, ఇలా ఒకదాని పక్కన ఒకటి పేర్చి కనపడతాయి. ఎందుకంటే అమానిటా అనే జాతిలో ప్రాణం తీసే రకాలకి మొదట్లో, మట్టిలో, సంచి లాంటి పొర ఉంటుంది. కాడని పైకి విరిస్తే ఆ సంచి నేలలోనే ఉండిపోతుంది. ఫోటోలో తెల్లని అందమైన గొడుగు మిగులుతుంది.

ఆ ఫోటోల్లో రంగు లేదు. తెల్ల మొప్పైనా, లేత పచ్చ మొప్పైనా అన్నీ బూడిద రంగే. ఆ లోటు తెలిసే ఆయన రంగు, వాసన, మొలిచిన చోటు మాటల్లో రాశాడు. మన దగ్గర ఇప్పుడు లక్షల రంగుల ఫోను ఉంది. కానీ ఆ మాటలు రాసే ఓపిక పోయింది. ఫోటో నొక్కడం, పంపడం, ఎవడో ఒకడు "తినొచ్చు" అనడం. ఆ ఎవడో ఒకణ్ణి నేనే అయ్యాను కాబట్టి చెబుతున్నాను. ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌లు కూడా చూసేది నేను చూసిందే. మీరు పైభాగం ఇస్తే పైభాగం చూసి చెబుతాయి.

ఆ నలుగురూ బతికారు కాబట్టి ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం. వాళ్ళు తిన్నది పచ్చ మొప్పల రకం, శాస్త్రం పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తిన్న రెండు మూడు గంటల్లో కడుపు తిప్పేస్తుంది, మనిషిని పీల్చేస్తుంది గానీ సమయానికి చూసుకుంటే సాధారణంగా తేరుకుంటారు. అమానిటా సంగతి వేరు. ఆరు గంటల దాకా, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటినా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, ఇంటికెళ్ళిపోదాం అనిపిస్తుంది. లోపల కాలేయం పోతూ ఉంటుంది. ఉడకబెట్టినా, వేయించినా ఆ విషం పోదు. 2022 ఏప్రిల్‌లో అసోంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కూలి కుటుంబాల వాళ్ళు. వాళ్ళు పుట్టగొడుగులు ఎరగనివాళ్ళేం కాదు, మనలాగే ఏటా ఏరుకుని తినేవాళ్ళు.

వెండి చెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు కొరికింది మనమూ తినొచ్చు. ఇవన్నీ ఉత్త మాటలు. వీటిని నమ్ముకుని పోయినవాళ్ళు ప్రతి దేశంలో ఉన్నారు.

మరి ఫోటో తీయొద్దా అంటే, తీయండి. తప్పకుండా తీయండి. తినడానికి కాదు, దాచడానికి. పైన చెప్పిన వాళ్ళంతా నేర్పిన పద్ధతి కలిపితే ఇదీ:

1. ముందు ముట్టుకోకుండా ఒకటి తీయండి. పుట్ట, గట్టు, పక్క చెట్టు, గడ్డి అన్నీ పడేలా. ఎక్కడ మొలిచింది అన్నది సగం గుర్తు.

2. ఫోనుని తలకిందులుగా పట్టుకుని, కెమెరా నేలకి ఆనేలా పెట్టి పక్కనుంచి తీయండి. నిలబడి తీసిన ఫోటోలో గొడుగు తప్ప ఏమీ పడదు.

3. నల్ల మట్టిలో తెల్ల గొడుగుని ఫోను సున్నం కొట్టినట్టు చూపిస్తుంది. తెర మీద ఆ తెలుపు దగ్గరే వేలితో నొక్కి, వెలుతురు కొంచెం కిందికి లాగండి. పొద్దుటి నీడ వెలుగు మంచిది. ఫిల్టర్లు వద్దు.

4. కాడ విరవొద్దు. చుట్టూ మట్టి తవ్వి మొదలు దాకా తీయండి. మట్టి దులిపి, మొదట్లో సంచి ఉందా, ఉబ్బు ఉందా, పొడుగు వేరు ఉందా చూసి ఫోటో తీయండి. పుట్టలోదైతే సాధారణంగా వేరు లాంటి తోక కిందికి సాగి గూటి దాకా పోతుంది.

5. వెల్లకిలా తిప్పి మొప్పలు ఒకటి, నిలువునా కోసి ఒకటి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి, చెప్పు వద్దు. చెప్పులు అందరివీ ఒక సైజు కాదు.

6. గొడుగు ఒకటి కోసి తెల్ల కాగితం మీద మొప్పలు కిందికి ఉండేలా పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి పొడి రాలి ముద్ర పడుతుంది. పుట్టలోదాని ముద్ర లేత గులాబీ. మా కుర్రాడింట్లో దానిది పచ్చ. అమానిటాది తెలుపు. లేతగా ఉన్నప్పుడు మొప్పలన్నీ తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, ముద్ర అంత తేలిగ్గా మోసం చేయదు. ఆ కాగితాన్నీ ఫోటో తీయండి.

7. తేదీ, కార్తె, నేల రకం, వాసన ఒక ముక్క రాసుకోండి. ఆ తర్వాత చేతులు కడుక్కోండి.

ఇన్ని చేసినా, అది తినే రకమని ఫోటోలు చూసి నేను చెప్పను. మీరూ ఎవరికీ చెప్పకండి. ఆ చోట ఏళ్ళ తరబడి కోసి తిన్న మనిషి, మొదలు దాకా తవ్వి చేత్తో పట్టుకుని చెప్పాలి. అలాంటి మనిషికి కూడా ఏ కాస్త అనుమానమున్నా వదిలేయాల్సిందే. ఎవరికైనా తేడా చేస్తే వాంతి తగ్గింది కదా అని ఇంట్లో ఉండొద్దు. మిగిలిన పుట్టగొడుగో, తరిగిన ముక్కో కాగితంలో చుట్టి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఎన్ని గంటలకి తిన్నారో, ఎన్ని గంటలకి మొదలైందో డాక్టరుకి చెప్పండి. ఆ రెండు లెక్కలూ ప్రాణం కాపాడతాయి.

మా మామ్మ ఫోటోలు ఎరగదు. తొలకరికి నన్ను వెంటబెట్టుకుని పుట్టల గట్టుకి వెళ్ళేది. గొడుగు కనపడగానే నేను పీకబోతే చేతి మీద ఒక్కటేసేది. కొడవలి మొనతో చుట్టూ మట్టి తోడి, తోక తెగకుండా పైకి తీసి, తిప్పి చూసి, వాసన చూసి, అప్పుడు గంపలో వేసేది. తోక లేనిది ఎంత బాగున్నా వేసేది కాదు. ఇదేంటి ఇంత ఆలస్యం అని విసుక్కునేవాణ్ణి. లండన్ సభల్లోనూ, కార్నెల్ ఆచార్యుడి గదిలోనూ వందేళ్ళు తంటాలు పడి నేర్చుకున్నదీ ఆవిడ చేసిందీ ఒకటేనని ఇప్పుడు తెలిసింది. ఆఫ్రికాలో జాంబియా వాళ్ళు మీటరు వెడల్పు వరకూ పెరిగే పుట్టగొడుగుని రోడ్ల పక్కన అమ్ముకుంటూ తింటూ ఉంటే, శాస్త్రం దానికి పేరు పెట్టింది 1980లో. తెలిసినవాళ్ళకి ముందే తెలుసు, రాయలేదంతే.

మా మామ్మ కూడా రాయలేదు. నేను అడగలేదు. ఆవిడతోనే పోయింది.

ఇంకొక్క మాట. "పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి" అని ఊరికే అంటాం గానీ, ఇప్పుడు పుట్టగొడుగులే పుట్టడం లేదు. గట్లు చదును చేస్తే పుట్ట పోతుంది. పుట్టలో మందు పోస్తే చెద పోతుంది. చెద పోతే ఆ పంట పోతుంది. పాల పుట్టగొడుగు, చిప్ప పుట్టగొడుగు షెడ్డులో పెంచుకోవచ్చు. చెద లేకుండా ఈ పుట్టలోదాన్ని పండించి అమ్మే పద్ధతి మాత్రం ఇంతవరకూ కుదరలేదు. చెదతో మనకి పేచీ ఉంది, కాదనను. చెరుకు తిన్నప్పుడు, వేరుశనగ తిన్నప్పుడు నాకూ ఒళ్ళు మండుతుంది. అయినా మా తూర్పు గట్టు మీది పుట్ట జోలికి పోవద్దని జేసీబీ కుర్రాడికి చెప్పి పంపేశాను. రెండు సెంట్లు పోతే పోయాయి.

మీ ఇంట్లో మామ్మో, అమ్మమ్మో, ముసలి పాలేరో ఉంటే ఈ వారం గట్టు దాకా తీసుకెళ్ళండి. తవ్వి చూపించమనండి. ఆవిడ చేతులు ఫోటో తీయండి. చెప్పే మాట రికార్డు చేయండి. ఆ ఫోటోలు నాకు పంపండి, దాచిపెడతాను.

"తినొచ్చా" అని మాత్రం అడగొద్దు.